కారుకి తోక ఎందుకొచ్చింది?

తుఫానులో ఇంటిమీద రేకు ఎందుకు ఎగిరిపోతుందని మా సిక్కోలు వైపు ఎవర్నడిగినా "కింద గాలి దూరి ఎత్తీసింది" అంటారు. ఇది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, పైనున్న గాలి కూడా దాన్ని లాగేసింది. ఈ రెండో సగం కార్లు చేసేవాళ్ళకి సరిగ్గా తలకెక్కడానికి కారు పుట్టాక డెబ్భై ఏళ్ళ పైనే పట్టింది. ఈలోపు కొన్ని ప్రాణాలు పోయాయి. తలకెక్కాక కూడా పోయాయి, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కుని దానికి ముందొక పెదవి, వెనకొక రెక్క తగిలిద్దామని చూసే ఐటీ జనాభా మనలో బాగా పెరిగింది. అమెరికాలో ఉన్నవాళ్ళకి పాత మియాటా, జర్మనీలో ఉన్నవాళ్ళకి పాత ఆడీ టీటీ, హైదరాబాదులో ఉన్నవాళ్ళకి పాత లాన్సర్. ఎవరికేది దొరికితే అది. వీళ్ళందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏది పెడితే బావుంటుంది? అసలా ముక్క ఏ జబ్బుకి మందుగా పుట్టిందో అడిగినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. నా వాదన చిన్నది. పాత కారుకి బాడీ పార్టు ఎంచుకోవడం చీర మీదకి జాకెట్టు ఎంచుకోవడం లాంటిది కాదు, మందు ఎంచుకోవడం లాంటిది. రోగం తెలియకుండా మందు వాడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ముందు రోగం సంగతి చూద్దాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో ఆ వైపు వాళ్ళెవరూ మర్చిపోలేదు. ఇప్పుడు దీన్ని తిరగేసి చూడండి. గాలి ఆగి ఉండి కారు 150లో వెళ్తే? గాలికి ఏమీ తేడా తెలీదు. అంటే 150లో వెళ్ళే ప్రతి కారూ తన తిత్లీని తనే తయారుచేసుకుని అందులోంచి దూసుకుపోతోందన్నమాట.

ఆ తుఫానులో కారు ఆకారం చూడండి. కింద దాదాపు చదును. పైన బానెట్టు నుంచి అద్దం మీదుగా పైకప్పు దాకా ఎత్తుకెళ్ళి, మళ్ళీ వెనక్కి దిగే వంపు. పక్కనించి చూస్తే అది విమానం రెక్క. పైన వంపు మీదుగా వెళ్ళే గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. కింద దూరిన గాలి ఎత్తుతుంది, పైనున్నది లాగుతుంది. మన రేకు కథే ఇది. కారుకి బరువుంది కాబట్టి ఎగిరిపోదు. కానీ టైర్ల మీద పడాల్సిన బరువు తగ్గుతుంది. స్టీరింగు, బ్రేకు, మలుపు అన్నీ ఆ నాలుగు అరచేతులంత రబ్బరు రోడ్డుని ఎంత గట్టిగా నొక్కుతోందన్నదాని మీదే ఆధారపడి ఉంటాయి. పైగా గాలి బలం వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. 60లో ఏ లక్షణమూ కనిపించని జబ్బు 180లో ప్రాణం మీదికి తెస్తుంది.

దీనికి విరుగుడు మా తీరంలో ఎప్పణ్ణించో ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరగ్రామాల్లో చుట్టిళ్ళు చూసే ఉంటారు (ఇప్పుడు చాలా తగ్గిపోయాయి). గుండ్రటి మట్టిగోడ, దానిమీద శంఖులా నిలబడ్డ తాటాకు కప్పు. ఆ కప్పు చూరు దాదాపు నేల దాకా దిగుతుంది. లోపలికి వెళ్ళాలంటే నడుం వంచాల్సిందే. గుండ్రంగా ఉంది కాబట్టి గాలి ఏ దిక్కునుంచి వచ్చినా తన్నడానికి చదునైన గోడ దొరకదు. చూరు కిందకి ఉంది కాబట్టి గాలి కింద దూరి ఎత్తలేదు. ఇవాళ స్పోర్ట్స్ కారు ముందు బంపరు కింద వేలాడే ఎయిర్ డ్యామ్ చేసే మొదటి పని ఇదే: గాలిని కిందికి దూరనివ్వకపోవడం. కట్టినవాళ్ళు విండ్ టన్నెల్ చూళ్ళేదు, తుఫాన్లు చూశారు.

గాలి చేసే రెండో పని వెనక్కి లాగడం. మా వైపు వాళ్ళకి దీనికి ఉదాహరణ కోడి రామమూర్తి నాయుడు గారే. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పేరు తెచ్చుకున్న మల్లయోధుడు. వైస్రాయి మింటో కారుని వెనకనించి పట్టుకుని కదలనివ్వలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంజనీరింగు భాషలో ఆయన చేసింది డ్రాగ్. రోడ్డు మీద గాలి కూడా అదే పని చేస్తుంది. ఇది డ్రైవరుకి తెలుస్తుంది, ఎందుకంటే కారు ఇంకా స్పీడు అందుకోదు. పెట్రోలు బంకులో కూడా తెలుస్తుంది. లిఫ్ట్ మాత్రం అలా తెలియదు. టైరు జారేదాకా చడీచప్పుడూ ఉండదు. తెలిసేదాంతో కుస్తీ పట్టి, తెలియనిదాన్ని వదిలేయడమే కార్ల చరిత్రలో మొదటి అధ్యాయం.

1921లో జర్మనీలో ఎడ్మండ్ రుంప్లర్ అనే విమాన ఇంజనీరు నీటిబొట్టు ఆకారంలో కారు చేశాడు. డ్రాగ్ అద్భుతంగా తగ్గింది. ఇక అందరూ నున్నగా, సాగినట్టుగా, బొట్టులా చేయడం మీద పడ్డారు. లిఫ్ట్ గురించి ఆలోచించినవాళ్ళు అసలు లేరని కాదు. 1928 మే 23న ఫ్రిట్జ్ ఫాన్ ఓపెల్ బెర్లిన్‌లో రాకెట్ కారు నడిపి గంటకి 238 కిలోమీటర్లు అందుకున్నప్పుడు, ఆ కారుకి రెండు పక్కలా తిరగేసిన రెక్కలున్నాయి. విమానానికి పెట్టినట్టు కాకుండా తల్లకిందులుగా, కారుని నేలకి నొక్కడానికి. జనం రాకెట్టుని చూశారు, రెక్కల్ని మర్చిపోయారు :)

1938 జనవరి 28న బెర్న్‌ట్ రోజ్‌మయర్ అనే ఆ కాలపు గొప్ప డ్రైవరు ఫ్రాంక్‌ఫర్ట్-డార్మ్‌స్టాట్ హైవే మీద 400 దాటిన వేగంలో రికార్డు కోసం ప్రయత్నిస్తూ చనిపోయాడు. కారు ఆటో యూనియన్ వాళ్ళది, నున్నటి స్ట్రీమ్‌లైన్డ్ బాడీ. పక్కగాలి కొట్టడమే కారణమని సాధారణంగా చెబుతారు. గాలిని సులువుగా చీల్చుకెళ్ళే ఆకారం అదే గాలికి సులువుగా లొంగిపోతుందని అలా తెలిసింది. 1950లలో జాగ్వార్ డీ-టైప్ డ్రైవరు తల వెనక నిలువుగా చేప రెక్కలాంటిది మొలిచింది ఇందుకే. ల మాన్‌లో పొడుగాటి తిన్నని రోడ్డు మీద కారు ముక్కు అటూ ఇటూ ఊగకుండా ఉండటానికి.

కిందకి నొక్కడం అనే ఆలోచన మళ్ళీ బతికింది 1956లో. మిఖాయెల్ మే అనే స్విస్ ఇంజనీరు తన పోర్షె 550 మీద, డ్రైవరు తలకి పైన, వాలు మార్చుకోగలిగే పెద్ద రెక్కొకటి బిగించుకుని న్యూర్‌బుర్గ్‌రింగ్ రేసుకి వచ్చాడు. ప్రాక్టీసులో కారు మెరుపులా తిరిగింది. నిర్వాహకులు వెనక వచ్చేవాళ్ళకి అడ్డమని చెప్పి తీయించేశారు. మే గారు తర్వాత ఇంజన్ల పనిలోకి వెళ్ళిపోయారు. ఐడియా పదేళ్ళు వెనక్కి పోయింది. (మన ఆఫీసుల్లో "బానే ఉంది గానీ నెక్స్ట్ రిలీజులో చూద్దాం" అన్నవి గుర్తొచ్చాయా?)

1961లో ఫెరారీ స్పోర్ట్స్ కారుకి వెనక చివర నిలువుగా చిన్న రేకు వచ్చింది. టెస్ట్ డ్రైవరు రిచీ గింథర్ పేరు మీద చెప్పుకునే కథ ఒకటుంది. పొగ వెనక్కి తిరిగి కాక్‌పిట్‌లోకి రాకుండా ఉండాలని పెడితే, కారు వెనకభాగం రోడ్డుని పట్టుకోవడం మొదలెట్టిందట. కథ ఎంత నిజమైనా, స్పాయిలర్ అన్న మాటకి అర్థం ఇక్కడ దొరుకుతుంది. అది రెక్క కాదు. పైకప్పు మీంచి నున్నగా దిగుతున్న గాలిని చెడగొట్టే గట్టు. ప్రవాహం చెడితే లిఫ్ట్ తగ్గుతుంది. రెక్క అలా కాదు, అది గాలి మధ్యలో నిలబడి స్వయంగా కిందకి తోస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలియకుండా కొనేవాళ్ళే ఎక్కువ.

అసలు రెక్కని ప్రపంచానికి చూపించింది టెక్సాస్ వాడు జిమ్ హాల్. 1966లో ఆయన చాపరల్ 2ఈ కారుకి మనిషెత్తు స్తంభాల మీద రెక్క నిలబెట్టాడు. ఆ స్తంభాలు బాడీకి కాదు, నేరుగా వెనక చక్రాల హబ్బులకి బిగించాడు. నొక్కే బలం స్ప్రింగుల్ని నొక్కి వృథా కాకుండా సూటిగా టైరుకే వెళ్ళాలని. ఆటోమేటిక్ గేరు కాబట్టి ఎడమ కాలు ఖాళీ. ఆ కాలుతో పెడలు తొక్కితే రెక్క చదునై తిన్నని రోడ్డు మీద డ్రాగ్ తగ్గేది. వదిలితే మలుపులో మళ్ళీ నొక్కేది. రెండేళ్ళలో ఫార్ములా వన్ జనాలందరూ స్తంభాల మీద రెక్కలు మొలిపించారు, కానీ హాల్ అంత శ్రద్ధగా కాదు. 1969 మేలో బార్సిలోనాలో ఒకే రేసులో గ్రాహం హిల్, యోఖెన్ రింట్ ఇద్దరి లోటస్ కార్లకీ రెక్కలు విరిగి ఘోరంగా గుద్దుకున్నారు. తర్వాతి రేసు మొనాకోలో ఎత్తు రెక్కల్ని నిషేధించారు. పాఠం ఏంటంటే, నొక్కే బలాన్ని పుట్టించడం తేలిక. అది ఏ ఇనుము గుండా ఏ చక్రానికి వెళ్తుందో చూసుకోవడమే కష్టం.

ఇంతవరకూ రేసు కార్లు. ఇక మనం కొనుక్కునే రోడ్డు కార్ల కథ. ఇది పోర్షె 911తో మొదలెట్టాలి, ఎందుకంటే జబ్బు, పరీక్ష, మందు మూడూ ఇంత శుభ్రంగా కనిపించే ఉదాహరణ ఇంకోటి లేదు.

911 ఇంజను వెనక చక్రాలకి కూడా వెనకుంటుంది. పైకప్పు అందంగా జారుతూ బంపరు దాకా దిగుతుంది. ఆ జారుడే దాని అందం, అదే దాని రోగం. స్పీడు పెరిగేకొద్దీ గాలి వంపుని అంటిపెట్టుకుని వెనకభాగాన్ని పైకి లాగుతుంది. బరువంతా వెనకే ఉన్న కారుకి వెనక టైర్లు తేలికైతే మలుపులో తోక ముందుకొచ్చేస్తుంది. పోర్షె వాళ్ళు మొదట ఏం చేశారో చూడండి. 1972 మోడల్ 911 ఎస్‌కి ముందు బంపరు కింద చిన్న గడ్డం పెట్టారు. ముందు ముక్కు బాగుచేశారు. ఆ తర్వాతే తోక. 1972 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో కరేరా ఆర్ఎస్ 2.7 వచ్చింది, వెనక ఇంజను మూత మీద బాతు తోకలాంటి గట్టుతో. టిల్మన్ బ్రోడ్‌బెక్ అనే కుర్ర ఇంజనీరు, హెర్మన్ బుర్స్ట్ కలిసి విండ్ టన్నెల్‌లో గట్టు ఎత్తు మారుస్తూ కొలుచుకుంటూ పోయారు. ఎంత ఎత్తులో లిఫ్ట్ బాగా తగ్గి, డ్రాగ్ పెరగకుండా ఉంటుందో అక్కడ ఆగారు. తమాషా ఏంటంటే ఆ తోక పెట్టాక కారు టాప్ స్పీడు తగ్గలేదు, నాలుగున్నర కిలోమీటర్లు పెరిగింది! రెక్క పెడితే స్పీడు తగ్గుతుందనే వాళ్ళూ, పెరుగుతుందనే వాళ్ళూ ఇద్దరూ అడగాల్సింది "ఏ కారుకి, ఎంత ఎత్తులో, ఎవరు కొలిచారు" అని.

రేసుల్లో నడపాలంటే అలాంటివి 500 రోడ్డు కార్లుగా అమ్మాలని రూలు. 500 ఎవరు కొంటారని పోర్షె సేల్స్ వాళ్ళు భయపడ్డారు. చివరికి 1,580 తయారుచేశారు. ఇవాళ వాటి ధర అడక్కండి, మన ఇళ్ళ లోన్లు గుర్తొస్తాయి. 1989లో వచ్చిన తరం 911కైతే తోక మూతలోనే దాక్కుని 80 దాటగానే తనే పైకి లేస్తుంది. ఊళ్ళో తిరిగేటప్పుడు దాంతో పని లేదని కంపెనీయే ఒప్పుకున్నట్టు.

అదే రోజుల్లో బీఎండబ్ల్యూ 3.0 సీఎస్ఎల్ కారుకి పెద్ద రెక్క చేసింది. రేసుకి కావాలి, రోడ్డు కారులో ఉంటేనే రేసులో వాడనిస్తారు. జర్మనీ రోడ్డు చట్టమేమో ఆ రెక్కని ఒప్పుకోదు. ఏం చేశారంటే రెక్కని విడిగా డిక్కీలో పెట్టి కస్టమరుకి అప్పజెప్పారు. బిగించుకుంటావో లేదో నీ ఇష్టం :) రేసు కోసం పుట్టిన రెక్కకి రోడ్డు మీద పనేమీ లేదనడానికి ఇంతకన్నా నిజాయితీ గల సాక్ష్యం దొరకదు.

దీనికి అవతలి కొసన లాంబోర్గినీ కౌంటాక్. మనందరం హాస్టల్లో గోడకి అంటించుకున్న పోస్టరు కారు. ఆ వీ ఆకారపు వెనక రెక్క ఆప్షనల్. పెట్టించుకుంటే టాప్ స్పీడు తగ్గేది. అయినా జనం ఎగబడి పెట్టించుకున్నారు. మందు పోయి నగ అయ్యింది ఇక్కడే. 1980ల తర్వాత ప్రపంచమంతా చిన్న కార్ల డిక్కీల మీద మొలిచిన రెక్కలన్నీ ఈ కౌంటాక్ వారసులే గానీ ఆర్ఎస్ వారసులు కావు.

ఇక ప్రాణాల సంగతి. 1998లో ఆడీ టీటీ అమ్మకానికొచ్చింది. ముందూ వెనకా ఒకేలా గుండ్రంగా, బోర్లించిన గిన్నెలా. డిజైనర్లు మెచ్చుకోని పత్రిక లేదు. వెనక గట్టు లేదు, గీత లేదు, నున్నటి వంపు ఒకటే. జర్మనీలో కొన్ని హైవేల మీద స్పీడుకి పరిమితి ఉండదు కదా. 180 దాటిన వేగంలో ఉన్నట్టుండి లేను మారినా, మలుపులో యాక్సిలరేటరు వదిలినా వెనకభాగం జారిపోతోందని ఫిర్యాదులొచ్చాయి. యాక్సిడెంట్లు అయ్యాయి, మనుషులు చనిపోయారు. 1911 కాదు, 1938 కాదు. విండ్ టన్నెళ్ళు, కంప్యూటర్లు అన్నీ ఉన్న 1999. చివరికి కంపెనీ అప్పటికే అమ్మిన కార్లని వెనక్కి పిలిచి డిక్కీ మీద చిన్న స్పాయిలర్ పెట్టింది, సస్పెన్షన్ మార్చింది, కారు జారితే సర్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ ప్రోగ్రాం పెట్టింది. మూడూ కలిపి మందు. స్పాయిలర్ ఒక్కటే కాదు.

విచిత్రం ఏంటంటే కొంతమంది యజమానులకి ఆ గట్టు నచ్చలేదు. అందం పాడైందన్నారు. ఇదేదో పాత ముచ్చట కాదు. జర్మనీలో ఉంటున్న మా కాలేజీ మిత్రుడొకడు, పలాస వాడు, పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో 1999 టీటీ చూశాడు. పాత యజమాని స్పాయిలర్ పీకించి, కన్నాలు పూడ్పించి, రంగేయించి "ఒరిజినల్ లుక్" అని అమ్మకానికి పెట్టాడు. మావాడు ఫోటోలు పంపి, "ఒరే, ఎంత నున్నగా ఉందో చూడరా, దీనికి తోకెందుకురా" అన్నాడు. నున్నగా ఉండటమే దాని జబ్బురా బాబూ అన్నాను. తిత్లీలో వాళ్ళ పెంకుటిల్లు సగం పోయింది. ఆ ఇంటి లెక్కే చెప్పాను, వెంటనే అర్థమైంది. కారు కొన్నాడు, కానీ ముందు ఛాసిస్ నంబరు పట్టుకుని రీకాల్ పన్లన్నీ అయ్యాయో లేదో వాకబు చేసి, కంపెనీ స్పాయిలర్ తిరిగి వేయించాకే రోడ్డెక్కించాడు. ఎవరో అమ్ముతున్న భారీ రెక్క పెడితే ఇంకా మంచిది కదా అన్నాడు మధ్యలో. కాదు. ఎందుకో కింద లెక్కలో చెప్తాను.

ఈ కథలో మన తెలుగువాళ్ళు లేరా అంటే, ఉన్నారు, కానీ ఆంధ్రాలో కాదు, కోయంబత్తూరులో. అక్కడి మిల్లుల నాయుళ్ళ ఇళ్ళలో తెలుగు ఇప్పటికీ వినిపిస్తుంది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజనుతో ఒక సీటు రేసు కారు చేసి, మన దేశంలో కుర్రాళ్ళకి అందుబాటు ధరలో రేసింగ్ నేర్పాడు. 1995లో చిన్న అల్ట్రాలైట్ విమానం కూలి చనిపోయాడు. కోయంబత్తూరు దగ్గర 2003లో మొదలైన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదే. ఆ ఊరి వాడే నరేన్ కార్తికేయన్, ఫార్ములా మారుతిలో మొదలెట్టి 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్ళాడు. ఇక మన గడ్డ మీదైతే 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది. చూసినవాళ్ళు గమనించే ఉంటారు, ఆ కార్లకి ఫార్ములా వన్ కార్లలా వెనక పెద్ద రెక్క ఉండదు. ఊళ్ళో మలుపుల రోడ్లు, బ్యాటరీ పొదుపు. అక్కడి అవసరానికి అక్కడి ఆకారం.

సరే, ఇప్పుడు లెక్క. 120 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు ఉన్న ఓ మాదిరి రెక్క తీసుకోండి. బాగా పనిచేస్తోందనే అనుకుని ఉజ్జాయింపుగా వేస్తే, 60లో అది నొక్కేది సుమారు 4 కిలోలు. సంక్రాంతికి ఊర్నించి తెచ్చుకునే అరిసెల డబ్బా అంత. 100లో సుమారు 12 కిలోలు. 180లో 37. మన నాలుగు లేన్ల హైవేల మీద 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ కార్లకి ఇచ్చిన గరిష్ఠ వేగం గంటకి 100. అంటే విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా ఆ రెక్క చేసే పని డిక్కీలో చిన్న బియ్యం మూట పడేస్తే అయిపోతుంది. మూటైతే ఇంటికెళ్ళాక వండుకోవచ్చు కూడా.

రెండో లెక్క. రెక్క వెనక ఇరుసుకి ఇంకా వెనకుంటుంది. ఏతం గుర్తుందా? తోక మీద కాలేసి నొక్కితే ముక్కు లేస్తుంది. ఇక్కడా అంతే. రెక్క ఇరుసుకి 60 సెంటీమీటర్లు వెనక ఉండి, చక్రాల మధ్య దూరం 230 సెంటీమీటర్లైతే, వెనక నొక్కిన ప్రతి 37 కిలోలకీ ముందు చక్రాల మీద దాదాపు 10 కిలోలు తగ్గుతాయి. ముందేమీ పెట్టకుండా వెనక పెద్ద రెక్క పెడితే కారు స్పీడులో స్టీరింగు మాట వినడం మానేస్తుంది. పోర్షె వాళ్ళు ముందు గడ్డం, తర్వాత తోక పెట్టింది ఊరికే కాదు. మావాణ్ణి భారీ రెక్క వద్దన్నదీ అందుకే. టీటీకి కంపెనీ కొలిచి ఇచ్చిన మోతాదు అది. డోసు పెంచితే జబ్బు త్వరగా తగ్గదు, ఇంకోటి వస్తుంది.

కాబట్టి పాత కారుకి ముక్క ఎంచుకోవాలంటే నా వరస ఇది.

మొదట ఆ కారు చరిత్ర చదవండి. అదే మోడల్‌కి తర్వాతి సంవత్సరాల్లో కంపెనీ ఏం మార్చింది? రేసు కోసం చేసిన వెర్షన్‌కి ఏం పెట్టింది? ఏ రోగమో అక్కడే రాసుంటుంది. టన్నెల్‌లో కొలిచిన కంపెనీ ముక్క, ఫోటో చూసి అచ్చు పోసిన ముక్క చూడ్డానికి ఒకేలా ఉండొచ్చు. తేడా మూడు వేళ్ళ ఎత్తులోనో, రెండు డిగ్రీల వాలులోనో ఉంటుంది.

రెండు, మీరు నిజంగా నడిపే వేగం ఎంత? ట్రాక్ మీదకి వెళ్ళని కారుకి రెక్క అవసరం లేదు. చిన్న గట్టు, ముందు చిన్న గడ్డం చాలు. అవి కూడా మన స్పీడ్ బ్రేకర్లకి ఆనకపోతేనే.

మూడు, గాలి అక్కడికి చేరుతోందా? మియాటా లాంటి టాపు లేని కారులో మీ తల వెనకంతా సుడిగుండమే. ఆ చెడిపోయిన గాలిలో రెక్క పెడితే సగం పనే చేస్తుంది. చూసుకోవడం తేలిక. పొందూరు సన్న నూలే అక్కర్లేదు, మామూలు ఊలు పోగులు చాలు. బెత్తెడు ముక్కలు చేసి పైకప్పు, డిక్కీ మీద టేపుతో వరసగా అంటించి, పక్క లేన్లో ఇంకొకళ్ళని వీడియో తీయమనండి. ఖాళీ రోడ్డు మీద, పరిమితికి లోబడి. పోగులు తిన్నగా వెనక్కి పడుకుంటే గాలి అంటుకుని వెళ్తోంది. గిరగిరా తిరుగుతుంటే అక్కడ రెక్క దండగ.

నాలుగు, ఏ ఇనుముకి బిగిస్తున్నారు? పాతికేళ్ళ డిక్కీ మూత రేకు పలచన, అంచుల్లో తుప్పు. 180లో 37 కిలోలు ఊగుతూ నొక్కితే బార్సిలోనా 1969 మీ వెనకే మొదలవుతుంది. ట్రాక్ రెక్కయితే కాళ్ళు ఛాసిస్ దాకా వెళ్ళాలి. ఎగిరిపోయిన ముక్క వెనక బైకు మీద వచ్చేవాడికి తగుల్తుంది, మీకు కాదు.

ఐదు, చట్టం. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. జర్మనీలోనైతే ముక్కకి కాగితం లేకపోతే ఫిట్‌నెస్ తనిఖీలో కారునే ఆపేస్తారు.

ఆఖరిది, అన్నిటికన్నా ముందు చేయాల్సింది: టైర్లు, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు కొత్తవి వేయించండి. గాలి నొక్కేది టైరునే కదా. ఆ టైరే పదేళ్ళ నాటిదై గట్టిపడి ఉంటే ఎంత నొక్కి ఏం లాభం?

అందం కోసం పెట్టుకోవడం తప్పని నేననను. నగలు పెట్టుకోవడం తప్పా? కానీ నగని నగ అని తెలిసి పెట్టుకోవాలి. డిక్కీ మీద రెక్క ఉంది కదాని మలుపులో ఇంకో ఇరవై కిలోమీటర్లు ఎక్కువ తొక్కేవాడికి ఆ తేడా తెలియలేదన్నమాట. అలాగే నున్నగా ఉంటే బావుందని పనిచేస్తున్న గట్టుని పీకించినవాడికి కూడా తెలియలేదు. వీళ్ళిద్దరిలో రెండోవాడే ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. మొదటివాడి రెక్క చూసి పక్కవాళ్ళన్నా జాగ్రత్త పడతారు.